నువ్వుల తీరం, సింధియా స్టాపు

రావికమతం నుంచి చూస్తే సముద్రం కనిపించదు. ఒక పక్క తూర్పు కనుమల వరస, ఆ కొండల ఒడిలో కళ్యాణపులోవ జలాశయం, దిగువకి వస్తే చెరకు తోటలు, వరి మడులు, మేడివాడ, కొత్తకోట, దొండపూడి లాంటి ఊళ్లు. ఉప్పుగాలి మొహానికి తగలాలంటే ఏ నలభై యాభై కిలోమీటర్లో వెళ్లాలి. అయినా ఈ మెట్టల్లో పండే గింజ పేరే ఒకప్పుడు ఐరోపా ఓడల వాళ్లు మన తీరం మొత్తానికీ పెట్టుకున్నారు. 17వ శతాబ్దంలో గోదావరి దాటి ఉత్తరంగా ఒరిస్సా వైపు సాగే ఒడ్డుని వాళ్లు జింజెల్లీ తీరం అనేవారు. ఇంగ్లీషు వర్తకుల లెక్కల పుస్తకాల్లో నువ్వుల నూనెకీ అదే పేరు. 1669 నుంచి బంగాళాఖాతం చుట్టూ తిరిగిన ఓడ వర్తకుడు థామస్ బౌరీ తన రాతల్లో ఈ తీరాన్ని ప్రత్యేకంగా ఆ పేరుతోనే చెప్పుకొచ్చాడు.

దక్షిణాన కోరమాండల్, అవతలి ఒడ్డున మలబారు, ఇక్కడ జింజెల్లీ. మొదటి రెండూ ఇప్పటికీ చలామణిలో ఉన్నాయి. విశాఖలో ఆగే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కని ఉత్తరాంధ్ర కుటుంబం అరుదు. అదే పేరున్న ఎరువుల కర్మాగారం కూడా విశాఖలోనే ఉంది. జింజెల్లీ మాత్రం భూగోళం పుస్తకంలోంచి దిగిపోయి నూనె సీసా మీద అట్టగా మిగిలింది. చోడవరం సంతలో నువ్వులు కొలిపించుకునే మనిషికి, తన సంచిలో ఉన్నది ఒక తీరం పాత పేరని చెబితే నవ్వి ఊరుకుంటాడు.

పాయకరావుపేట దగ్గరి పెంటకోట నుంచి భీమిలి దాటి విజయనగరం జిల్లా చింతపల్లి దాకా ఒడ్డు వెంట నడుచుకుంటూ పోతే ఇలా జారిపోయిన పేర్లు అడుగడుగునా తగులుతాయి. కొన్ని శాసనాల్లో ఉన్నాయి, కొన్ని ఓడల పటాల్లో ఉన్నాయి, కొన్ని బస్సు కండక్టర్ల నోళ్లలో ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. ఈ తీరానికి పేర్లు పెట్టింది రెండు రకాల మనుషులు. ఓడ మీద నిలబడి ఒడ్డుకేసి చూసినవాళ్లు కొండలకీ, రాళ్లకీ పెట్టారు. ఒడ్డున నిలబడి నీళ్లకేసి చూసినవాళ్లు రేవులకీ, పాలేలకీ పెట్టారు. కచేరీలో కూర్చుని పెట్టిన పేర్లు కూడా లేకపోలేదు. అన్నిటికన్నా త్వరగా మాసిపోయినవి అవే.

ఆ కచేరీ పేర్ల సంగతే ముందు చూద్దాం. రావికమతం నిన్నమొన్నటిదాకా విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లా. ఊరు అంగుళం కదల్లేదు, చిరునామా మారింది. ఇది మనకి కొత్తా కాదు. 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన విశాఖ జిల్లా గెజిటీర్ తెరిస్తే చోడవరం తాలూకా అని ఉండదు, వీరవల్లి తాలూకా అని ఉంటుంది. చోడవరం దాని ముఖ్య పట్టణం. అలాగే యలమంచిలి కేంద్రంగా ఉన్న సముద్రపొడ్డు తాలూకా పేరు సర్వసిద్ధి. ఈ రెండు పేర్లూ రెవెన్యూ రికార్డుల్లో ఏళ్ల తరబడి వెలిగి తర్వాత మలిగిపోయాయి. వీరవల్లి అంటే ఇప్పుడు చోడవరంలో పాతకాలం దస్తావేజులు చూసిన వాళ్లకి తప్ప తెలియదు. సర్వసిద్ధిది ఇంకో రకం కథ. తూర్పు చాళుక్య రాజు, 7వ శతాబ్దం నాటి మొదటి జయసింహుడి బిరుదు సర్వసిద్ధి. అంత ఘనమైన మాట కుదించుకుపోయి కుదించుకుపోయి ఇవాళ ఒకే ఒక్క అక్షరమై జాతీయ రహదారి పక్కన బోర్డు మీద నిలబడింది. ఎస్.రాయవరంలో ఆ 'ఎస్' సర్వసిద్ధే. 1862 సెప్టెంబరు 21న గురజాడ అప్పారావు పుట్టింది ఆ రాయవరంలోనే. ఆయన పేరు చెప్పి ఊరిని గుర్తుపట్టేవాళ్లు ఎందరో. ఆ పొడి అక్షరం వెనక ఒక చాళుక్య రాజు దాక్కున్నాడన్నది మాత్రం పెద్దగా ప్రచారంలో లేదు.

యలమంచిలి పరిసరాలకి అంతకన్నా పాత పేరు ఇంకొకటుంది. 4వ శతాబ్దంలో సముద్రగుప్తుడు దక్షిణాదికి దండెత్తి వచ్చినప్పుడు ఓడించిన రాజుల పట్టిక అలహాబాదు స్తంభం మీద చెక్కి ఉంది. అందులో పిఠాపురం ఉంది, వేంగి ఉంది, దేవరాష్ట్రపు కుబేరుడూ ఉన్నాడు. ఈ దేవరాష్ట్రం ఎక్కడిదని చరిత్రకారులు చాలాకాలం మల్లగుల్లాలు పడ్డారు. కొందరు మహారాష్ట్ర దాకా వెళ్లి వెతికారు. జవాబు అనకాపల్లి పక్కనే దొరికింది. కశింకోటలో బయటపడిన తూర్పు చాళుక్యుల రాగిరేకుల్లో ఎలమంచి కళింగదేశం దేవరాష్ట్రంలో భాగమని ఉంది. అలా ఒక సామ్రాజ్యపు విజయస్తంభం మీది పేరు మన చెరకు తోటల మధ్యకి వచ్చి కూర్చుంది. అయినా ఒక్క కాలనీకో, ఒక్క కల్యాణ మండపానికో దేవరాష్ట్రం అని పేరు పెట్టుకున్నవాళ్లు నాకు కనిపించలేదు. అపార్ట్‌మెంట్లకి విదేశీ నగరాల పేర్లు వెతుక్కునే బిల్డర్లకి ఇది ఉచితంగా ఇస్తున్న సలహా.

రాజుల పేర్లు ఇలా పోతే, ఒడ్డున బెస్తపల్లెల పేర్లు కదలకుండా ఉన్నాయి. దక్షిణం కొస నుంచి వస్తే తాండవ నది సముద్రంలో కలిసే చోట పెంటకోట. కాస్త పైకి వస్తే నక్కపల్లి మండలం రాజయ్యపేట. ఆ పైన రేవుపోలవరం, బంగారమ్మపాలెం. శారద, వరాహ నదులు ఈ చుట్టుపక్కలే సముద్రంలో పడతాయి. మన కనుమల గెడ్డల్లో నీళ్లు ప్రయాణం ముగించేది ఇక్కడ. రేవుపోలవరంలో ఇప్పుడు రేవు లేదు. పడవలు ఇసుక మీదికి లాక్కుంటారు. సెలవు రోజుల్లో స్నానాలకి వచ్చే జనం, వాళ్ల కోసం మొక్కజొన్న పొత్తులు కాల్చే బళ్లు, కొబ్బరితోట. పోలవరాలు రాష్ట్రంలో చాలానే ఉన్నాయి కాబట్టి ఇది ఫలానా అని చెప్పడానికి ముందు 'రేవు' తగిలించారు. సరుకు దిగుమతులు ఆగిపోయాయి, తగిలించిన ముక్క మాత్రం ఊడలేదు. ఊరి పేరు ఇలా పాత వృత్తికి సాక్ష్యం చెబుతూ ఉండిపోవడం చూస్తే, చరిత్ర పుస్తకం కన్నా ఆర్టీసీ బోర్డు నమ్మకమైనదనిపిస్తుంది.

బంగారమ్మపాలెం, ముత్యాలమ్మపాలెం. ఒడ్డున ఊరి పేరు చెబితే ఆ ఊరి అమ్మవారి పేరు చెప్పినట్టే. వేటకి వెళ్లేముందు మొక్కేది ఆమెకే, తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు తలుచుకునేదీ ఆమెనే. రాజు బిరుదు రాజుతో పోతుంది గానీ అమ్మవారికి ఏటా పండగ చేసినంత కాలం పేరుకి ఢోకా లేదు. ఇక నీళ్ల మీద కూడా పేర్లున్నాయి. చేపలు గుంపుగా దొరికే చోటు, వల చిక్కుకునే రాతి చోటు, ఒడ్డునుంచి ఎంత దూరమో, ఎంత లోతో తండ్రి కొడుక్కి పడవ మీదే చెబుతాడు. చోటుని గుర్తు పెట్టుకునే పద్ధతి చూడ ముచ్చటగా ఉంటుంది. ఒడ్డున దూరంగా ఒకటి, దగ్గరగా ఒకటి రెండు గుర్తులు ఎంచుకుంటారు. వెనక కొండ కొన, ముందు గుడి శిఖరం ఒకే వరసలోకి వచ్చేదాకా పడవ జరుపుతారు. అలాంటిదే మరో జత ఇంకో వైపున చూసుకుంటారు. రెండు వరసలూ కలిసిన చోట వల వేస్తారు. సింహాచలం కొండ, యారాడ కొండ ఇలా తరాలుగా దారి చూపాయి. ఇప్పుడు సెల్‌టవర్లు, ఎత్తయిన హోటళ్లు, కర్మాగారాల పొగగొట్టాలు కూడా ఆ జాబితాలో చేరాయి. మరపడవల వాళ్ల చేతుల్లో జీపీఎస్ యంత్రాలు వచ్చేశాయి. అవి చోటుని అంకెల్లో దాచుకుంటాయి. అంకెలకి పేరు అక్కర్లేదు. కాబట్టి నీళ్ల మీది పేర్లు మన కళ్లముందే మాసిపోతున్నాయి. వాటిని రాసి పెట్టిన గెజిటీర్ లేదు.

అచ్యుతాపురం దారిలో పూడిమడక దాకా వచ్చేసరికి కొత్త పేర్ల సందడి మొదలవుతుంది. ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరి 8న ప్రధాని విశాఖలో శంకుస్థాపన చేశాక పూడిమడక పేరు ఢిల్లీ పత్రికల్లోకి ఎక్కింది. అంతకు ముందు ఆ పేరు వేటగాళ్లకీ, చేపల వ్యాపారులకీ, దీపస్తంభం వెలుగు చూసుకునే ఓడల వాళ్లకే పరిచయం. పక్కనే రాంబిల్లి తీరాన జలాంతర్గాముల కోసం నౌకాదళ స్థావరం లేస్తోంది. దాని పేరు వర్ష. ఇదే రాంబిల్లి మండలంలో పంచదార్ల ఉంది. కొండ రాళ్లలోంచి ఊరే నీటి ధారల పక్కన ధర్మలింగేశ్వరుడి గుడి, యలమంచిలి చాళుక్యుల శాసనాలు. కొత్తూరు ధనదిబ్బల కింద బౌద్ధుల ఇటుకలు. ధనం కోసం దిబ్బలు తవ్విన వాళ్లకి ఇటుకలే దొరికాయి, పేరు మాత్రం ఆశ మీదే నిలిచింది. ఒక్క మండలంలోనే బౌద్ధం, చాళుక్యులు, జలాంతర్గాములు.

గాజువాక దాటి ఓడరేవు వైపు మళ్లితే బస్సులో "సింధియా, సింధియా" అన్న కేక వినపడుతుంది. ఇక్కడ దిగేవాళ్లలో చాలామంది ఇది గ్వాలియరు రాజుల పేరనుకుంటారు. దగ్గర దగ్గరగా నిజమే, కాకపోతే దారి చుట్టు. సింధియా స్టీమ్ నావిగేషన్ అనేది ఆ రాజుల పేరు పెట్టుకున్న బొంబాయి ఓడల కంపెనీ. వాల్‌చంద్ హీరాచంద్ దాని నాయకుడు. భారతీయులు సొంతంగా పెద్ద ఓడలు కట్టుకోవాలన్న పంతంతో ఆయన ఇక్కడ నౌకానిర్మాణ కేంద్రం తలపెట్టాడు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ పునాదిరాయి వేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. అయినా పని సాగి, 1948 మార్చి 14న 'జల ఉష' ఓడని నెహ్రూ నీళ్లలోకి వదిలారు. 1952లో ప్రభుత్వం చేతిలోకి వచ్చాక అది హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. ఓడల కంపెనీ తర్వాత మూతబడింది. కంపెనీ లేదు, దాని ఓడలు లేవు, వాటాదారులు లేరు. స్టాపు మాత్రం సింధియానే. అలాంటిదే కాల్టెక్స్. 1957లో చమురుశుద్ధి కర్మాగారం మొదలైంది ఆ అమెరికా కంపెనీ పేరుతో. హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసి దశాబ్దాలు గడిచినా, పాత తరం ఉద్యోగుల ఇళ్లలో ఆ మాట ఇంకా తిరుగుతుంది.

సింధియా నుంచి ఘాట్ రోడ్డు ఎక్కితే యారాడ. ఆ కొండ సముద్రంలోకి ముక్కు చాపిన చోటుని ఊరివాళ్లు యారాడ కొండ అంటారు, లోకమంతా డాల్ఫిన్ నోస్ అంటుంది. ఒడ్డున నిలబడిన మనిషికి అది కొండ. నీళ్ల మీద నుంచి, అదీ ఉత్తరం వైపు నుంచి చూస్తేనే మూతి ముందుకి పెట్టిన చేపలా కనిపిస్తుంది. ఓడ మీద పుట్టిన పేరని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. మధ్యలో దానికి ఇంకో పేరు వచ్చి పోయింది. 19వ శతాబ్దం తొలినాళ్లలో బ్లాక్‌మూర్ అనే ఫిరంగిదళ అధికారి కొండ మీద ఇల్లు కట్టుకుని ఉండేవాడు. కొన్నాళ్లు అది బ్లాక్‌మూర్ కొండ అయింది. ఆయన పోయాడు, ఇల్లు పోయింది, డాల్ఫిన్ తిరిగి వచ్చింది.

ఆ ముక్కుకి ఎదురుగా ఓడరేవు కాలవ, కాలవ అవతల పాత పట్నం. ఇప్పటి ఓడరేవు ఒకప్పుడు ఉప్పుటేరు, బురద, మడచెట్లు. దాన్ని తవ్వి లోతు చేసి 1933 అక్టోబరు 7న మొదటి ఓడకి దారి ఇచ్చారు. ఇసుక పేరుకోకుండా అలలకి అడ్డు కావాలి కదా. దానికోసం రెండు పాత ఓడల నిండా రాళ్లు నింపి, డాల్ఫిన్ నోస్ ముందు ముంచేశారు. ఓడరేవుకి కాపలా కాసే కట్ట పునాదిలో రెండు ఓడలున్నాయన్న మాట. కాలవ గట్టున మూడు చిన్న కొండలు వరసగా ఉంటాయి. ఒకదాని మీద వేంకటేశ్వరుడి గుడి, ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. చర్చి ఉన్నదాన్ని రాస్ హిల్ అంటారు. 1864లో అక్కడ ఇల్లు కట్టుకున్న రాస్ పేరది. దర్గా కొండ బాబా పేరు మీద విశాఖని ఇసాకపట్నం అని పిలుచుకున్నవాళ్లూ ఉన్నారు. రేవులోకి వచ్చే ఓడలు దర్గా ముందు గౌరవంగా పతాకం దించేవని పాత పుస్తకాల్లో ఉంది.

ఈ పట్నానికే ఉన్న పాత పేరు పలకడానికి కాస్త ఊపిరి కావాలి. కులోత్తుంగచోళపట్టణం. 11వ శతాబ్దం చివర చోళ చక్రవర్తి కులోత్తుంగుడి ఏలుబడిలో విశాఖపట్టణానికి ఆ మారుపేరు శాసనాలకి ఎక్కింది. సముద్ర వ్యాపారం చేసే వర్తక సంఘాలు అప్పుడే ఇక్కడ ఉన్నాయి. చక్రవర్తి పేరు ఆయన వంశంతో పోయింది. జనం విశాఖనే పట్టుకున్నారు. ఆ విశాఖ ఎవరని అడిగితే, లాసన్స్ బేకి దక్షిణాన ఒడ్డున ఉండి సముద్రంలో కలిసిపోయిన వైశాఖేశ్వరుడి గుడి కథ చెబుతారు. గుడి ఆనవాలు లేదు. పుణ్యదినాల్లో ఆ దిక్కున స్నానాలు చేసే అలవాటు గురించి మాత్రం దొరల గెజిటీర్ కూడా రాసింది.

1682లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తకశాల పెట్టాక విశాఖపట్నం వాళ్ల నోట వైజాగపటం అయింది, ఆ పైన వైజాగ్ అయింది. వైజాగపటం అన్న రూపం భారతదేశంలో పోయింది గానీ ఫ్రెంచి, ఇంగ్లీషు నౌకాదళ చరిత్రల్లో పదిలంగా ఉంది. 1804 సెప్టెంబరు 15న మన ఒడ్డు ముందే ఒక యుద్ధం జరిగింది. సెంచూరియన్ అనే ఇంగ్లీషు యుద్ధనౌక రెండు సరుకు ఓడలకి కాపలాగా లంగరు వేసుకుని ఉంది. కెప్టెన్ ఒడ్డున ఉన్నాడు. అంతలో ఫ్రెంచి అడ్మిరల్ లినోయి మారెంగో అనే పెద్ద నౌకతో, మరో రెండు ఫ్రిగేట్లతో వచ్చిపడ్డాడు. లెఫ్టినెంటు పోరు మొదలుపెట్టాడు, కెప్టెన్ తర్వాత పడవలో వెళ్లి చేరుకున్నాడు. సరుకు ఓడల్లో బార్నబీ ఒడ్డుకి కొట్టుకొచ్చి ముక్కలైంది. ప్రిన్సెస్ షార్లెట్‌ని ఫ్రెంచివాళ్లు పట్టుకుపోయారు. సెంచూరియన్ దెబ్బలు తిని కూడా నిలబడింది. మనవాళ్లు సాయంత్రం పిల్లల్ని ఆడించే ఇసుకకి ఇంత కథ ఉంది. ఒక్క ఫలకం కూడా లేకపోవడం నాకు కొరతగానే ఉంది.

ఇక వాల్తేరు. విశాఖకి ఉత్తరాన పెదవాల్తేరు, చినవాల్తేరు అని రెండు ఊళ్లు. ఎత్తు మీద గాలి బాగుంటుందని దొరలు బంగళాలు కట్టుకున్నది ఇటే. రైలు వచ్చాక స్టేషనుకీ ఆ పేరే పెట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇక్కడికి వచ్చిన తొలి దశాబ్దాల్లో ఆచార్యులు తమ పుస్తకాలకి పీఠిక రాసి కింద 'వాల్తేరు' అని చోటు వేసేవారు. స్టేషను తర్వాత విశాఖపట్నం అయింది. రైల్వే డివిజను మాత్రం వాల్తేరుగానే కొనసాగింది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం దక్షిణ కోస్తా రైల్వే జోను సర్దుబాట్లకి ఆమోదం తెలుపుతూ, డివిజనులో ఇక్కడ మిగిలే భాగాన్ని విశాఖపట్నం డివిజన్ అని మార్చింది. వాల్తేరు అన్నది వలసపాలన నాటి వారసత్వం కాబట్టి మార్చాలని అధికారిక ప్రకటనలో కారణం చూపారు. విశాఖ పేరు డివిజనుకి రావడం మంచిదే, ఎవరికీ అభ్యంతరం లేదు. కారణం మాత్రం తిరగబడింది. పెదవాల్తేరు కరకచెట్టు పోలమాంబకి చీర పెట్టడానికి వరసలో నిలబడ్డ ఆడవాళ్లని, మీ ఊరి పేరు దొరలు పెట్టిందటగా అని ఎవరైనా అడిగి చూడాలి. దొరలది స్పెల్లింగు ఒక్కటే. ఊరు పోలమ్మది.

వాల్తేరు దిగితే బీచ్‌రోడ్డు. ఇక్కడ పేర్లు తరానికొకసారి మారుతూనే ఉన్నాయి. 1938లో వెలసిన రామకృష్ణ మిషన్ ఆశ్రమం వల్ల ఒడ్డు రామకృష్ణా బీచ్ అయింది, ఇప్పుడు అందరికీ ఆర్కే బీచ్. రెండో ప్రపంచయుద్ధంలో శత్రువు ఓడల కోసం ఫిరంగులు ఎక్కుపెట్టిన చోటు కోస్టల్ బ్యాటరీ. ఫిరంగులు పోయి పుల్లఐసు బళ్లు వచ్చినా పేరు అదే. 2002లో కురుసుర జలాంతర్గామిని ఒడ్డుకి చేర్చి ప్రదర్శనశాల చేశాక "సబ్‌మెరైన్ దగ్గర దించెయ్ బాబూ" అంటే ఆటోవాడికి చాలు. ఆ పైన పార్క్ హోటల్, పెదజాలరిపేట, లాసన్స్ బే. లాసన్ అనే దొర పేరున్న కాలనీలో ఇళ్ల ధరలు ఆకాశంలో ఉంటాయి. దానికి ఆనుకునే ఉన్న జాలరిపేటలో వలలు ఆరేసుకోవడానికి జాగా చాలదు. ఒకే ఇసుక మీద రెండు పేర్లు రెండు ధరలు పలకడం చూడాలంటే ఇక్కడికే రావాలి.

జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్, రుషికొండ దాటాక మంగమారిపేట. ఎడమవైపు కొండెక్కితే తొట్లకొండ. 1976లో నౌకాదళం స్థావరం కోసం విమానం మీంచి సర్వే చేసినప్పుడు కొండమీద శిథిలాలు కంటపడ్డాయి. తర్వాత పురావస్తు శాఖ తవ్వితే స్తూపాలు, చైత్యాలు, భిక్షువుల గదులు, భోజనశాల, రోమన్ వెండి నాణేలు, శాతవాహనుల సీసం నాణేలు బయటికొచ్చాయి. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి కాబట్టి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తొట్లకొండ అనుకున్నారు. అలాగే బావులున్నది బావికొండ, పావురాలు చేరినది పావురాళ్లకొండ. బౌద్ధం సంగతి మరిచిపోయిన జనం కళ్లకి ఏది కనిపిస్తే దాన్ని బట్టి పిలుచుకున్నారు. తొట్లకొండకి ఆ భిక్షువులు పెట్టుకున్న పేరు తవ్వకాల్లో దొరికిన శాసనంలో ఉంది. సేనగిరి. రెండు వేల ఏళ్ల తర్వాత సొంత పేరు తిరిగి దొరికిన చోటు ఈ తీరంలో బహుశా ఇదొక్కటే. ఆ పేరు శాసనం దాటి బయటికి రాలేదన్నది వేరే సంగతి. కొండ మీద ఆ తొట్ల అంచున కూర్చుంటే ఎదురుగా సముద్రం అరచేతిలో ఉన్నట్టుంటుంది. తుపాను కాలంలో ఓడ వస్తోందో లేదో ముందుగా తెలిసేది ఆ సన్యాసులకే అయ్యుండాలి.

ఎర్రమట్టి దిబ్బలు దాటి గోస్తని కలిసే చోటికి వస్తే భీమునిపట్నం. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు దిగి వర్తకం చేసిన ఊరు. 1825లో ఇంగ్లీషువాళ్లకి అప్పగించి వెళ్లారు. వాళ్ల సమాధులున్న తోటకి హాలండర్స్ గ్రీన్ అని పేరు. కొన్ని రాళ్ల మీద చెక్కడం ఇప్పటికీ వేలితో తడిమితే తెలుస్తుంది. కపాలం, దాని కింద అడ్డంగా ఎముకలు, వంకర టింకర అక్షరాల్లో డచ్చి పేర్లు. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరిది. ఓడలు రావడం మానేశాక భీమిలి నెమ్మదించింది. దాని ఇంగ్లీషు రూపం బిమ్లిపటం కూడా పోయింది. కానీ ఆ పేరులో సగం ప్రపంచమంతా తిరుగుతోంది. మన పెరట్లో పుల్లకూరకి కోసుకునే గోగుకి చుట్టమైన నార గోగుని వ్యవసాయ శాస్త్రం పుస్తకాల్లో బిమ్లి జూట్ అంటారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో చెరువు నీళ్లలో నానబెట్టి ఒలిచిన నారని బళ్ల మీద ఈ రేవుకి తోలితే, ఇక్కడ ఓడకెక్కిన బేళ్లకి అంగడిలో ఆ పేరు స్థిరపడింది. నువ్వులు ఒక తీరానికి పేరైతే, ఒక రేవు నారకి పేరైంది. రెండు చోట్లా శ్రమ మాత్రం లోపలి మెట్టల రైతుది.

భీమిలి దాటి చంపావతి కలిసే కోనాడ వైపు వెళ్తే పూసపాటిరేగ మండలం చింతపల్లి. చోడవరం, నర్సీపట్నం వాళ్లకి చింతపల్లి అంటే లంబసింగి పక్కన చలి చింతపల్లే గుర్తొస్తుంది. ఇది వేరు, ఇది సముద్రపొడ్డు చింతపల్లి. ఓడల పటాల్లో దీని పేరు శాంటాపిల్లి. ఏదో క్రైస్తవ సన్యాసిని పేరేమో అనుకునేట్టు ఉంటుంది గానీ, ఎవరో నావికుడు చింతపల్లిని పలికిన తీరు అది. ఒడ్డుకి ఎదురుగా నీళ్ల కింద రాళ్లున్నాయి. భీమిలి రేవుకి వచ్చే ఓడలు వాటికి కొట్టుకునేవి. అందుకే 1847లో చిన్న గుట్ట మీద దీపస్తంభం వెలిగించారు. ఊరి పేరు తలకిందులైనా రాళ్ల పేరు తప్పు పలక్కూడదు, ఓడ మునిగిపోతుంది. అందుకే శాంటాపిల్లి రాళ్లు నావికుల పుస్తకాల్లో అదే స్పెల్లింగుతో నిలిచిపోయాయి. ఇప్పుడు ఆ రాళ్ల చుట్టూ చేపల్ని చూడటానికి గాలి సిలిండర్లు తగిలించుకుని దూకేవాళ్లు వస్తున్నారు. పూర్వం ఓడల వాళ్లు తప్పించుకు తిరిగిన చోటికి ఇప్పుడు డబ్బు కట్టి మరీ వెళ్తున్నారు.

చూడాలనుకునేవాళ్లకి కొన్ని మాటలు. రావికమతం, చోడవరం వైపు నుంచి వచ్చేవాళ్లు అనకాపల్లి చేరితే జాతీయ రహదారి దొరుకుతుంది. దక్షిణం వైపు ఊళ్లకి యలమంచిలి, అడ్డరోడ్డు మీదుగా రేవుపోలవరం, అచ్యుతాపురం మీదుగా పూడిమడక వెళ్లొచ్చు. యారాడకి గాజువాక, సింధియా మీదుగా ఘాట్ రోడ్డు. కొండమీద నౌకాదళం ప్రాంతాలున్నాయి కాబట్టి కెమెరా తీసే ముందు బోర్డు చదవాలి. డాల్ఫిన్ నోస్ దీపస్తంభం సాయంత్రం కాసేపే తెరుస్తారు. విశాఖ నుంచి భీమిలికి సముద్రం పక్కనుంచే సిటీ బస్సులు తిరుగుతాయి, కుడివైపు సీటు పట్టుకోండి. తొట్లకొండ మీదికి వాహనం పోతుంది, నీళ్లసీసా తీసుకెళ్లాలి, పైన నీడ తక్కువ. యారాడలోనూ రేవుపోలవరంలోనూ కెరటం లోపలికి లాగుతుంది, మోకాలు దాటి దిగొద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ ఓర్చుకునేట్టు ఉంటుంది. చింతపల్లికి వెళ్లేవాళ్లు దారి అడిగేటప్పుడు పూసపాటిరేగ అన్న మాట తప్పకుండా కలపాలి. లేకపోతే ఉత్తరాంధ్రలో ఎవరినడిగినా నర్సీపట్నం బస్సే చూపిస్తారు.